వెండి గిన్నెలో ఉప్పు నిలవ: అపోహలు – వాస్తవాలు

వెండి గిన్నె నిండా రాళ్ల ఉప్పు పోసి బీరువాలో పెడితే ఇంట్లో డబ్బు నిలుస్తుందన్న మాట ఫోన్లలో తిరుగుతోంది. శుక్రవారం ఐశ్వర్య దీపానికి మట్టి ప్రమిదలో ఉప్పు పోయడం ఉంది. దాన్ని వెండి మీదికి ఎవరు తెచ్చారో గానీ, దొరల కాలంలో గోదావరి జిల్లాలకు చేరిన విక్టోరియా నాటి చిట్టి ఉప్పుగిన్నెలు కూడా దానికి బలవుతున్నాయి. "ఉప్పు కోసం చేసిందే కదా, పోస్తే ఏమవుతుంది?" అంటున్నారు.

గిన్నె పాడవుతుంది. ఆ గిన్నెల్లో వాడిన స్టెర్లింగ్ అంటే వెయ్యింట 925 వంతుల వెండి, మిగిలింది చాలావరకు రాగి. ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది. వానాకాలం కోనసీమలో, కాకినాడలో ఉప్పుజాడీ అడుగున నీరు ఊరడం చూడనివారెవరు? ఆ ఉప్పునీటిలోని క్లోరైడు రాగినీ వెండినీ కూడా తింటుంది. మొదట బూడిదరంగు, పచ్చరంగు మచ్చలు పడతాయి, తర్వాత గుంటలు. గాలిలోని గంధకం వల్ల వచ్చే నలుపు పైపొర మాత్రమే, తుడిస్తే పోతుంది. గుంట పడ్డచోట లోహమే పోయింది. సానపట్టించి చదును చేయిస్తే గిన్నె పలచబడుతుంది, ముద్రలు అరిగిపోతాయి, ఆపైన దానికి వచ్చేది తూకం ధరే.

ఈ సంగతి చేసినవాళ్లకు తెలుసు. అందుకే చాలావాటికి లోపల బంగారు పూత వేశారు, లేదా నీలం గాజు గిన్నె అమర్చారు. భోజనం కాగానే ఉప్పు తీసి కడగడం వాటిని వాడిన ఇళ్లలో పద్ధతి. గాజు పగిలి, పూత అరిగిన గిన్నెలో ఈనాడు నెలల తరబడి ఉప్పు ఉంచడమంటే ఉన్న వెండిని చేజేతులా పోగొట్టుకోవడమే.

పాత గిన్నె మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ముద్ర లేకపోతే నకిలీ అనకండి. ఆ సంస్థ ఏర్పడింది 1986 నాటి చట్టంతో, విక్టోరియా రాణి 1901లోనే పోయింది. నడిచే సింహం స్టెర్లింగుకు గుర్తు, లంగరు బర్మింగ్‌హామ్‌కు, చిరుతపులి తల లండన్‌కు. పాత ఇంగ్లిష్ వెండి కనబడితే చాలు కాటన్ దొరది అనేస్తారు. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. గిన్నె మీది సంవత్సరాక్షరం 1880ల నాటిదైతే, అప్పటికి ఆయన ఇంగ్లండులో ఉన్నారు. జర్మన్ సిల్వర్ మిశ్రమంలో ఉండేవి రాగి, నికెల్, జింకు, వెండి లేదు. ఇ.పి.ఎన్.ఎస్. అని ఉంటే అలాంటి లోహం మీద వేసిన వెండి పూతే. ఉప్పు దాన్ని ఇంకా త్వరగా పాడుచేస్తుంది.

వేడినీళ్లు, వంటసోడా, అల్యూమినియం రేకు చిట్కా పనిచేస్తుందని మాత్రం ఒప్పుకోక తప్పదు. గంధకపు నలుపు మళ్లీ వెండిగా మారుతుంది. అయితే నగిషీ సందుల్లో కావాలని ఉంచిన నలుపు కూడా పోతుంది, గుంటలు పూడవు. పాత గిన్నెకు వద్దు.

ఇప్పటికే ఉప్పు పోసి ఉంటే ఇవాళే ఖాళీ చేయండి. గోరువెచ్చని నీళ్లతో, మెత్తని సబ్బుతో కడిగి, నూలుగుడ్డతో పూర్తిగా ఆరేలా తుడవండి. విభూతి, టూత్‌పేస్ట్, పీచు తాకించవద్దు. రబ్బరు బ్యాండు చుట్టవద్దు, రబ్బరులో గంధకం ఉంటుంది. గుంటలు కనిపిస్తే ముందు ముద్రలకు ఫొటో తీయండి, ఆ తర్వాతే కంసాలికి చూపించండి. వాడుకోవాలనిపిస్తే లోపల చిన్న గాజు గిన్నె పెట్టి, తిన్నాక ఉప్పు తీసేయండి. శుక్రవారం దీపానికి మట్టి ప్రమిద ఉండనే ఉంది.