సర్వర్తు టైర్లు

బియ్యమును చేటలో పోసి చూచి, కుండను తట్టి చూచి, చీర అంచును వ్రేళ్ల నడుమ నలిపి చూచి కొనుటలో మనలను మించినవారు లేరు. అట్టి మనము కారు టైర్ల మాట వచ్చునప్పటికి అది పురుషుల పనియని యూరకుందుము. అయినను బిడ్డలను వెనుక కూర్చుండబెట్టుకొని మంథనికో, కరీంనగరమునకో, రాజీవ్ రహదారి వెంట హైదరాబాదునకో పోవునది మనమే. ఒక్కొక్క టైరు నేలను తాకు భాగము ఇంచుమించు అరచేతి పాటిది. నాలుగు అరచేతులంత రబ్బరు మీద మన సంసారమంతయు గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగముతో పరుగిడుచున్నది. ఆ రబ్బరును గూర్చి కొంత తెలిసికొనుట మనకు అనవసరమా?

ఇప్పుడు దుకాణములలో 'ఆల్ సీజన్' అను మాట వినబడుచున్నది. సంస్కృతమున చెప్పవలసినచో సర్వర్తు టైరు అనవచ్చును. పేరు వినుటకు ఇంపుగనే యున్నది. కాని ఇది మంచు కురియు దేశములలో పుట్టిన పేరు. అమెరికాలో గుడ్‌ఇయర్ కంపెనీవారు 1977వ సంవత్సరమున టియెంపో అను టైరును ఈ పేరుతో వెలువరించిరి. శీతల దేశములవారు వేసవికొక జత, శీతకాలమునకొక జత మార్చుకొనుచుందురు. వేసవి టైరు రబ్బరు 7 డిగ్రీలకు దిగువ చలిలో బిగుసుకొని పట్టు కోల్పోవును. శీతకాలపు టైరు రబ్బరు మెత్తనిదగుటచే ఎండకు త్వరగా అరుగును. ఈ రెంటికిని నడుమ కుదిర్చిన రాజీయే ఆల్ సీజన్ టైరు. దాని ప్రక్కభాగమున ఎం, ఎస్ అను అక్షరములుండును. అవి బురదకును మంచునకును గుర్తులు. మూడు శిఖరముల కొండలో మంచుపూవు చిత్రమున్నచో అది మంచుమీది పరీక్షలో నెగ్గిన టైరని యర్థము.

మన రామగిరిలో మంచు కురియదు. ఇచ్చటి చలి కుంపటితో తీరునది. ఆ మంచుపూవు కొఱకు అధికముగ రూకలిచ్చుట వైశాఖమున కంబళి కొనుట వంటిది. మన దేశపు కంపెనీలు మన కార్లకై చేయు సాధారణపు టైర్లు ఎండకును వానకును ఉద్దేశింపబడినవే. వానినే మనము ఏడాది పొడవున వాడుకొనుచున్నాము. కావున అడుగవలసిన ప్రశ్న వేఱు: మన సీమలోని రెండు కఠిన ఋతువులకు ఈ టైరు ఓర్చునా?

మొదటిది గ్రీష్మము. రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో ఉష్ణము 45 డిగ్రీలు దాటు దినములు గలవు. అప్పుడు తారురోడ్డు అంతకంటె ఎంతయో అధికముగ కాగియుండును. ఈ కాలమున టైరు పగులునను భయముతో ముందుగనే గాలి రెండు మూడు పౌండ్లు తగ్గించుకొనువారు మనలో కలరు. గాలి తగ్గిన చల్లబడునని వారి తలంపు. ఇంతకంటె ప్రమాదకరమగు అలవాటు వేఱొకటి లేదని మా నిశ్చయము. ఇనుపతీగను పదేపదే వంచినచో వంచినచోట వేడెక్కి తుదకు తెగుట మనమందరము చూచినదే. గాలి తక్కువైన టైరు చుట్టు తిరిగినప్పుడెల్ల దాని ప్రక్కలు అట్లే వంగి లేచుచుండును. ఆ వంపులనుండి పుట్టిన వేడి లోపలి పొరలను విడదీయును. వేసవిలో టైరు పగులుటకు హెచ్చు గాలి కంటె తక్కువ గాలియే తఱచు కారణము.

ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపు తెఱచినచోట అంటించిన చీటీమీద కారు కంపెనీవారే వ్రాసియుందురు. నిండు సామానుతో పోవునప్పటికి వేఱొక అంకె యుండును. సెలవులకు బియ్యపుమూటలతో పుట్టింటికి బయలుదేరునపుడు చూడవలసినది ఆ రెండవ అంకెనే. ఉదయమున బండి కదలకముందు గాలి చూపించుకొనవలయును. ఉష్ణము పది డిగ్రీలు హెచ్చినచో గాలి ఇంచుమించు ఒకటిన్నర పౌండు హెచ్చును. ప్రయాణము నడుమ కొలిచి, హెచ్చినదని తీసివేసినచో మరునాటి ఉదయమునకు తక్కువ పడును. పెట్రోలు బంకులలో నైట్రోజను గాలియని వేఱుగ రూకలు తీసికొందురు. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజనున్నది. సంసారపు బండికి దానివలన కలుగు లాభము స్వల్పము.

రెండవది వర్షర్తువు. కాళిదాసుని మేఘసందేశమున యక్షుడు ఆషాఢమాసపు తొలినాడు మేఘమును చూచినది రామగిరి మీదనే. ఆ కొండ నాగపురము చెంతనున్న రాంటెక్కని పండితులలో పలువురి మతము. మన ఖిల్లాకును ఆ పేరే యుండుటచే తొలిమబ్బు కనబడినప్పుడెల్ల మాకా కావ్యము జ్ఞప్తికి వచ్చును. యక్షునకు బొగ్గుదారిమీద బండి నడుపవలసిన పని మాత్రము లేకపోయెను! సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల చుట్టుపట్ల రోడ్లమీద వేసవియంతయు పేరుకొనిన బొగ్గుపొడి, లారీలనుండి కారిన నూనె, మన్ను, ఈ మూడును తొలకరి చినుకులకు కలసి నల్లని జారుడుపూత యగును. పెద్దవాన పడి కడుగువఱకు ఆ పూత పోదు. అప్పుడు ఏ టైరునకును పూర్తి పట్టు చిక్కదు. నెమ్మదిగ పోవుటయే గతి.

శ్రావణ భాద్రపదముల కుండపోతలలో కీడు మఱియొక విధమైనది. టైరు గాడులు నీటిని ప్రక్కలకు నెట్టవలయును. గాడులు అరిగినచో నీరు పోవుటకు త్రోవ లేక, బండి నీటిపొర మీద తేలును. అప్పుడు స్టీరింగు త్రిప్పినను, బ్రేకు త్రొక్కినను ఫలితముండదు. క్రొత్త టైరున గాడి లోతు ఇంచుమించు 8 మిల్లీమీటర్లు. గాడిలో అచ్చటచ్చట చిన్న దిమ్మెలుండును. గ్రిప్పు వానితో సమముగ అరిగినచో మిగిలినది 1.6 మిల్లీమీటర్లే. అంతటితో టైరు ఆయువు తీరినది. మేమైతే వానకాలమునకు ముందు 3 మిల్లీమీటర్లున్నప్పుడే మార్చుట మేలందుము. అరిగిన టైరునకు వేడికత్తితో గాడులు చెక్కి అమ్మువారు కలరు. చెక్కినచోట లోపలి పొర పలుచనగును. అట్టిదానిని ఉచితముగ నిచ్చినను తీసికొనరాదు. రెండు టైర్లే మార్చుకొనగలిగినచో క్రొత్తవి వెనుకకు వేయింపుడు. ముందరివి జారినచో వేగము తగ్గించి బండిని కొంత అదుపులోనికి తెచ్చుకొనవచ్చును. వెనుకవి జారినచో బండి గిఱ్ఱున తిరుగును.

ఇక దుకాణమున చదువవలసిన వ్రాత. టైరు ప్రక్కన 185/65 ఆర్ 15 88 హెచ్ అని యున్నదనుకొందము. 185 మిల్లీమీటర్లు వెడల్పు. అందు నూటికి 65 పాళ్లు ప్రక్క యెత్తు. ఆర్ అనగా రేడియల్. 15 అంగుళములు చక్రపు కొలత. ఇవి కారు కంపెనీవారు చెప్పినట్లే యుండవలెను. 88 అనునది మోయు బరువునకు సంకేతము. అనగా ఒక్కొక్క టైరు 560 కిలోలు మోయును. అదే 82 అయినచో 475 కిలోలే. చౌకయని తక్కువ అంకె తీసికొనిన, నిండు బండిలో ఆ లోటు బయటపడును. తుది అక్షరము వేగమునకు గుర్తు. టి 190 కిలోమీటర్లకు, హెచ్ 210 కిలోమీటర్లకు. మనమంత వేగముగ పోముగదా యని త్రోసివేయరాదు. వేగపు పరీక్ష వేడికోర్చు పరీక్ష కూడ. మన ఎండలకు ఆ యోర్పే కావలెను. ఐఎస్ఐ ముద్ర యుండవలెనని వేఱుగ చెప్పనక్కరలేదు.

అందరును విడిచిపుచ్చునది తేదీ. ప్రక్కభాగమున నాలుగంకెలు చిన్న దీర్ఘవలయములో నుండును. 1225 అనగా 2025వ సంవత్సరపు పండ్రెండవ వారమున చేయబడినది. ప్రెషర్ కుక్కరు మూతలోని రబ్బరు వాడినను వాడకున్నను ఏండ్లు గడచిన గట్టిపడి బీటలు వారును గదా. టైరు రబ్బరు స్వభావమును అట్టిదే. దుకాణపు అటకమీద మూడేండ్లు పడియున్న టైరును క్రొత్తదాని వెలకు కొనరాదు. ఆరేండ్లు నిండినదానిని ఏటేట పరీక్షింపించవలెను. పదేండ్లు దాటినదానిని గ్రిప్పు ఎంతయున్నను తీసివేయవలెను. టిప్పర్లనుండి జారిన బొగ్గురాళ్లు ప్రక్కలను కోసినచో, ఉబ్బు లేచినచో పంక్చరు షాపున అతికించుటకు వీలుపడదు. ఆ టైరును మార్చుటయే.

డిక్కీలోని అయిదవ టైరును స్టెప్నీ యందుము. ఇది 1904 ప్రాంతమున వేల్సు దేశపు లనెల్లి పట్టణమున స్టెప్నీ వీధిలో అదనపు చక్రములు చేసిన సోదరుల దుకాణమునుండి వచ్చిన పేరు. చాల ఇండ్లలో అది బండి కొన్ననాటిది. గ్రిప్పు నిండుగ నుండును, గాలి మాత్రముండదు. నాలుగు టైర్లకు గాలి పట్టించు దినమున డిక్కీలోని సామాను దింపించి, అయిదవదాని గాలియు, ఆ నాలుగంకెలును చూడుడు.