బేస్‌మెంట్ పెట్టెలో ఫ్లాపీలు, జిప్‌లు, సీడీలు: ముందు ఏది కాపాడుకోవాలి?

ఇల్లు మారే హడావుడిలో బేస్‌మెంట్ మూల నుంచి ఒక అట్టపెట్టె బయటపడింది. పైన నా చేతిరాతే: "పాత డిస్కులు, పారేయొద్దు". న్యూజెర్సీకి వచ్చాక మూడు ఇళ్లు మారాం. మూడుసార్లూ ఆ పెట్టె మాతో వచ్చింది, ఒక్కసారీ విప్పింది లేదు. "ఈసారైనా దాని సంగతేదో తేల్చండి" అంది మా ఆవిడ.

విప్పితే తొమ్మిది చిన్న ఫ్లాపీలు, మూడు జిప్ డిస్కులు, కాలేజీ రోజుల నాటి ఐదుంపావు అంగుళాల పెద్ద ఫ్లాపీ ఒకటి, ఇరవై సీడీలు ఉన్నాయి. చిన్న ఫ్లాపీల మీద మా నాన్నగారి రాత: "నా కథ 1", "నా కథ 2"... అలా తొమ్మిది దాకా. 1999లో ఆయన తన చిన్ననాటి సంగతులన్నీ రాసి విజయవాడలో డీటీపీ చేయించారు. పుస్తకం వేయించేలోగా ఆరోగ్యం దెబ్బతింది. ఆయన పోయి పదమూడేళ్లు. రాతప్రతి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ కథ మిగిలుంటే ఈ తొమ్మిది ప్లాస్టిక్ బిళ్లల్లోనే మిగిలుండాలి.

ఇలాంటి పెట్టె మీ ఇంట్లోనూ ఉండొచ్చు. అందుకే ఈ రెండు నెలల్లో నేను నేర్చుకున్నది మీకూ చెబుతున్నాను.

ఫ్లాపీ లోపల ఉండేది అయస్కాంత పూత పూసిన పల్చటి ప్లాస్టిక్ బిళ్ల. డ్రైవ్‌లో తిరిగేటప్పుడు చదివే హెడ్ దాన్ని నేరుగా తాకుతుంది, అంటే చదివిన ప్రతిసారీ కాస్త రాపిడి. ఐదుంపావు అంగుళాల దానికి తొడుగు మెత్తన, పైగా బిళ్ల కొంత భాగం బయటికే కనబడుతూ ఉంటుంది. దాంట్లో పట్టేది 360 కేబీ, తర్వాతి రకంలో 1.2 ఎంబీ. మా కాలేజీ ల్యాబ్‌లో చెప్పులు బయట విప్పి, ఆ ఫ్లాపీని ప్రసాదంలా రెండు చేతులతో పట్టుకెళ్లేవాళ్లం. మూడున్నర అంగుళాల దానికి గట్టి పెంకు, జరిగే రేకు తలుపు వచ్చాయి. 1987 నుంచి పట్టేది 1.44 ఎంబీ. ఈ చిన్నదానికి యూఎస్‌బీ డ్రైవులు ఇప్పటికీ దొరుకుతాయి. పెద్దదానికి పాత డ్రైవ్, దాన్ని నేటి కంప్యూటర్‌కు కలిపే ప్రత్యేకమైన బోర్డు, రెండూ కావాలి. నాది ఇంకా అలాగే ఉంది.

ఫ్లాపీకి అసలు శత్రువు తేమ. డ్రైవ్‌లో పెట్టే ముందు రేకు జరిపి, లైటు కింద బిళ్లను కొద్దికొద్దిగా తిప్పుతూ చూడండి. తెల్లటి మచ్చలుంటే అది బూజు. దాన్ని అలాగే పెడితే ఆ డిస్కూ గీసుకుపోతుంది, హెడ్‌కి అంటిన మురికి తర్వాతి డిస్కునూ పాడు చేస్తుంది. మూలనున్న చిన్న నల్లబిళ్ల జరిపి కన్నం తెరిచి ఉంచితే డిస్కు మీద ఏదీ రాయబడదు, ఆ పని ముందే చేయండి. కంప్యూటర్ "ఫార్మాట్ చేయమంటారా?" అని మర్యాదగా అడుగుతుంది. చచ్చినా ఒప్పుకోకండి.

జిప్ డిస్కు 1995లో ఐయోమెగా తెచ్చింది. 100 ఎంబీ, అంటే ఒక్కటి దాదాపు డెబ్బై ఫ్లాపీల పెట్టు. తర్వాత 250, 750 ఎంబీవి వచ్చాయి. ఇందులోనూ మెత్తటి బిళ్లే, కాకపోతే చాలా సన్నని గీతల్లో రాస్తుంది. కొన్ని డ్రైవుల్లో హెడ్ దెబ్బతిని టిక్కుటిక్కుమని ఆగకుండా మోగేది. దాన్నే "క్లిక్ ఆఫ్ డెత్" అన్నారు, 1998లో కోర్టు దాకా వెళ్లింది. చెడిన డ్రైవ్ డిస్కును పాడుచేస్తే, ఆ డిస్కు ఇంకో మంచి డ్రైవ్‌ను పాడుచేయగలదు. అందుకని సెకండ్‌హ్యాండ్ డ్రైవ్ కొంటే ముందు అక్కర్లేని డిస్కుతో పరీక్షించండి. కొనేది యూఎస్‌బీ రకమే కొనండి, ప్రింటర్ పోర్టుకు తగిలించే రకానికి నేటి లాప్‌టాప్‌లో చోటే లేదు.

అదే కాలంలో ఎల్ఎస్-120 అని 120 ఎంబీ డిస్కు వచ్చింది. దాని డ్రైవ్ మామూలు ఫ్లాపీలనూ చదివేది. నా మటుకు నాకు జిప్ కంటే అదే తెలివైన ఆలోచన, కానీ అప్పటికే జనం జిప్‌కి అలవాటు పడ్డారు. లేజర్‌తో వేడి చేసి అయస్కాంతంతో రాసే ఎంఓ డిస్కులు వీటన్నిటికంటే గట్టివి. జపాన్‌లో బాగా వాడారు, మనవాళ్ల ఇళ్లలో మాత్రం నేను చూడలేదు.

ఇక సీడీ. నేను మోసపోయింది ఇక్కడే. 2004లో జిప్‌ల మీదున్న ఫొటోలన్నీ సీడీలకెక్కించి, "ఇక శాశ్వతం" అనుకున్నాను. జిప్‌లు పారేయకపోవడానికి కారణం ముందుచూపు కాదు, బద్ధకం. మొన్న చూస్తే ఇరవై సీడీల్లో ఎనిమిది సరిగా చదవడం లేదు. మూడు జిప్‌లూ శుభ్రంగా తెరుచుకున్నాయి.

షాపులో కొన్న పాటల సీడీలో గుంతలు అచ్చొత్తి ఉంటాయి. మనం ఇంట్లో రాసుకున్న దాంట్లో ఉండేది రంగు పొర, ఎండకీ వేడికీ అది వెలిసిపోతుంది. మెరిసే పొర ఉండేది లేబుల్ వైపు, దానికి రక్షణ పల్చటి వార్నిష్ ఒక్కటే. మనమేమో కింది వైపు గీత పడకుండా జాగ్రత్తపడి, పై వైపు బాల్‌పెన్నుతో పేర్లు రాశాం, స్టిక్కర్లు అంటించి పీకాం. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఉంటుంది కాబట్టి ఈ విషయంలో అది కొంత నయం.

అందుకని నన్నడిగితే ముందు ఇంట్లో రాసిన సీడీలు, తర్వాత ఫ్లాపీలు, ఆ తర్వాత జిప్‌లు. ఇది మా ఇంట్లో తేలిన వరస. మీ పెట్టె తేమలో నానితే ఫ్లాపీలనే ముందు చూడండి.

నాన్నగారి తొమ్మిదిటిలో ఎనిమిది చక్కగా కాపీ అయ్యాయి. తెరిచి చూస్తే తెలుగు లేదు, ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గందరగోళం! తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ సెంటర్లు చాలాకాలం అను ఫాంట్లతోనే నడిచాయి. వాటిలో తెలుగు రూపాలు ఇంగ్లిషు అక్షరాల చోట్లలో కూర్చుంటాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి. విజయవాడలో ఉన్న మా చెల్లీ నేనూ ఆదివారాలు ఫోన్‌లో చదువుకుంటూ దిద్దుతున్నాం.

ఆరో ఫ్లాపీ సగంలో మొరాయించింది. మామూలు కాపీ అక్కడే చేతులెత్తేసింది. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ పాడైన చోటు వదిలి మిగతాది చదివి, మళ్లీ వెనక్కొచ్చి ప్రయత్నిస్తుంది. దానితో చాలా వచ్చింది. డ్రైవ్ మార్చి చూస్తే ఇంకొంచెం వచ్చింది. ఆ అధ్యాయంలో ఉన్నది, నాన్నగారి చదువు కోసం తాతగారు రెండెకరాలు అమ్మిన సంగతి. కొనేవాడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, నాయనమ్మ లోపల్నుంచి ఏదో అంది. ఏమందో రాలేదు. ఒకటిన్నర పేజీ పోయింది.

నాన్నగారు ఆ మాట తనకెప్పుడో చెప్పారంది చెల్లి. గుర్తున్నంతవరకూ రాసి పంపింది. దాన్ని వేరే రంగులో ఉంచాం, ఆరో ఫ్లాపీని పారేయలేదు.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్, జిప్ డ్రైవ్ ప్రస్తుతం నా దగ్గరే ఉన్నాయి. సెంట్రల్ జెర్సీ చుట్టుపక్కల ఉన్నవాళ్లు డిస్కులతో పాటు ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చుకుంటే శనివారాలు కూర్చుని చూద్దాం, కాఫీ మాది. బూజు పట్టినవి మాత్రం విడిగా కవర్లో పెట్టి తీసుకురండి.