ఒక్క తీగ, మూడు చట్టాలు: మన ఫిర్యాదు ఏ గడపకు వెళ్లాలి?

గోదావరి జిల్లాల్లోని ఒక పేటలో పరిశోధన పని మీద కూర్చున్నప్పుడు, డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు తన ఫోన్ మా చేతిలో పెట్టాడు. టీవీ చర్చలో ఒకాయన దళితుల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడిన వీడియో ముక్క అది. రాత్రి కేబుల్‌లో వచ్చింది. తెల్లారేసరికి ఎవరో కత్తిరించి యూట్యూబ్‌లో పెట్టారు. మధ్యాహ్నానికి ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. "అన్నా, మాట ఒకటే, మనిషి ఒకడే. ఎక్కడ ఫిర్యాదు చేయాలి?" అని అడిగాడు.

జవాబు చెప్పడానికి మాకు చాలాసేపు పట్టింది. అదే మాటకు చట్టం మూడు గడపలు చూపిస్తోంది. కేబుల్ టీవీలో వచ్చినప్పుడు 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం వర్తిస్తుంది. ముందు చానెల్‌కు రాయాలి, తర్వాత చానెళ్లు తమకు తాము ఏర్పాటు చేసుకున్న స్వీయ నియంత్రణ సంస్థకు, ఆపైన కేంద్ర సమాచార, ప్రసార శాఖకు. యూట్యూబ్‌లోకి ఎక్కగానే అది 2000 నాటి ఐటీ చట్టం, 2021 నాటి ఐటీ నిబంధనల పరిధిలోకి పోతుంది. కంపెనీ ఫిర్యాదుల అధికారి 15 రోజుల్లో తేల్చాలని 2021లో వచ్చినప్పుడు ఆ నిబంధనలు చెప్పాయి. అక్కడ న్యాయం జరగకపోతే కేంద్రం నియమించిన అప్పీలు కమిటీకి వెళ్లాలి. వాట్సాప్‌కూ ఇవే నిబంధనలు. కానీ అక్కడ సందేశాలు బయటివాళ్లు చదవలేని విధంగా వెళ్తాయి కాబట్టి, మొదట పంపినవాళ్లెవరో కనుక్కోవడమే పెద్ద పని. ఇక వీటన్నిటినీ మోసుకొచ్చే నెట్‌వర్క్‌కు టెలికాం చట్టం వేరే ఉంది.

కులం అనే మాట కూడా అన్ని చోట్లా ఒకేలా లేదు. కేబుల్ చట్టం కింద ఉన్న ప్రకటనల నియమావళిలో కులాన్ని కించపరచరాదని స్పష్టంగా ఉంది. కార్యక్రమాల నియమావళిలో మాత్రం మతాలు, సముదాయాలు అనే మాటలే తప్ప కులం పేరెత్తలేదు. అంటే సబ్బు ప్రకటనకు ఉన్నపాటి హద్దు, గంటసేపు సాగే చర్చకు మాటల్లో లేదు. ఐటీ నిబంధనల్లో విద్వేషం గురించి చెప్పే చోట కులం అనే మాట 2022 అక్టోబర్ సవరణతో చేరింది. అదీ హింసకు రెచ్చగొట్టే ఉద్దేశం ఉంటేనే.

మూడూ ఒకే తీగలో

టెలికాం, ప్రసారం, ఇంటర్నెట్ అనే మూడు సేవలూ ఒకే తీగలో, ఒకే ఫోన్‌లో కలిసిపోవడాన్నే కన్వర్జెన్స్ అంటున్నారు. తెలుగు నేలకు ఇది కొత్త కాదు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ చానెళ్లు, ఫోన్ కలిపి ఇస్తామంది. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన ఒక్క తీగతో మూడూ ఇంట్లోకి వచ్చాయి.

చట్టాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. టెలిగ్రాఫ్ చట్టం 1885లో వచ్చింది, వైర్‌లెస్ చట్టం 1933లో. వాటిని కలిపి ఒకే చట్టం, ఒకే కమిషన్ పెట్టాలని 2001లో కమ్యూనికేషన్స్ కన్వర్జెన్స్ బిల్లును లోక్‌సభలో పెట్టారు. అది చట్టం కాకుండానే 2004లో సభ రద్దుతో మురిగిపోయింది. అదే ఏడాది కేబుల్, ప్రసార సేవలను కూడా ట్రాయ్ పరిధిలోకి తెచ్చారు. ధరలు, పంపిణీ ట్రాయ్ చూస్తుంది. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో మంత్రిత్వ శాఖ చూస్తుంది. 2023 జనవరిలో ట్రాయ్ ఈ కలయిక మీద మరోసారి చర్చాపత్రం తెచ్చింది. కంపెనీలు, శాఖలు, న్యాయవాదులు ఎప్పటినుంచో వాదించుకుంటున్న ఈ విషయంలో మన వైపు నుంచి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ కలయికలో మన మాటకు దారి తెరుచుకుంటుందా, మూసుకుపోతుందా?

పత్రికకూ తీగకూ తేడా

1920లో బాబాసాహెబ్ అంబేడ్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, డబ్బు కడతామన్నా దాని ప్రకటన వేయడానికి 'కేసరి' పత్రిక ఒప్పుకోలేదు. అది అన్యాయమే. కానీ చట్టం ప్రకారం పత్రికకు కాదనే అధికారం ఉంటుంది, ఎందుకంటే దానికొక అభిప్రాయం ఉంటుంది. టెలిగ్రాఫ్ ఆఫీసుకు ఆ అధికారం ఉండకూడదు. డబ్బు కట్టిన ఎవరి మాటనైనా అది మోయాల్సిందే. ఊరి రోడ్డు మీద ఎవరు నడవాలో ఊరి పెద్ద తేల్చకూడదన్నది ఎలాంటి హక్కో, ఇదీ అలాంటి హక్కే. చానెల్, వెబ్‌సైట్ పత్రికలాంటివి. ఫోన్ నెట్‌వర్క్, కేబుల్ తీగ రోడ్డులాంటివి. మోసేదానికి ఒక నియమం, చెప్పేదానికి మరొక నియమం ఉండాలి.

ఈ తేడాను నిలబెట్టిన సందర్భం ఒకటి మన కళ్ల ముందే జరిగింది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు ఆయన చివరి లేఖ ఫోన్లలో దేశమంతా చేరింది. ఏ సంపాదకుడూ దాన్ని ఆపలేకపోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫేస్‌బుక్ 'ఫ్రీ బేసిక్స్' పేరుతో తాము ఒప్పుకున్న సైట్లు మాత్రమే ఉచితంగా చూపించే పథకం కోసం పట్టుబడుతోంది. పేదలకు మేలు చేస్తున్నామని ప్రచారం చేసింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ దాన్ని ఆపింది. ఏం చూస్తున్నారన్న దాన్నిబట్టి డేటా ధర మారకూడదని నిబంధన పెట్టింది. ఆ పథకం నడిచి ఉంటే పెద్ద సైట్లు ఉచితంగా, మన చిన్న వెబ్‌సైట్లు డబ్బు పెడితేనే దొరికేవి.

గాలి మనదే, వార్త మనది కాదు

1995 ఫిబ్రవరిలో క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. వాటిని ప్రభుత్వ గుత్తాధిపత్యంలో గానీ ప్రైవేటు గుత్తాధిపత్యంలో గానీ ఉంచకూడదని, స్వతంత్ర సంస్థ నియంత్రించాలని ఆ ధర్మాసనం చెప్పింది. తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఆ తీర్పు రాసిన న్యాయమూర్తుల్లో ఒకరు. ముప్పై ఏళ్లు దాటినా ప్రసారాలకు అలాంటి స్వతంత్ర సంస్థ రాలేదు.

ఫలితం ఎలా ఉందో జహీరాబాద్ దగ్గరి మాచనూర్‌లో కనిపిస్తుంది. 2008 అక్టోబర్ 15న అక్కడ సంఘం రేడియో మొదలైంది. చిరుధాన్యాలు పండించే దళిత మహిళలే నడుపుకునే రేడియో అది. విత్తనాలు, వైద్యం, పాటలు, పండుగలు వాళ్ల యాసలోనే ప్రసారమయ్యాయి. కానీ మన దేశంలో సామాజిక రేడియోలకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. ఊళ్లో ఒక దళితుడి మీద దాడి జరిగితే, ఆ అక్క తన ఫోన్‌లో వీడియో తీసి యూట్యూబ్‌లో చెప్పొచ్చు. అదే మాట తన రేడియో మైకులో వార్తగా చెప్పకూడదు. టీవీ చానెళ్లకు రోజంతా వార్తలు చెప్పే లైసెన్సు ఉంది. ఆ వార్తాగదుల్లో ఎవరున్నారో 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ నివేదిక లెక్కపెట్టింది. నాయకత్వ స్థానాలు 121 చూస్తే 106 చోట్ల అగ్రవర్ణాల వాళ్లే ఉన్నారు. దళితులు, ఆదివాసీలు ఒక్కరూ లేరు.

అందుకే మనవాళ్లు ఇంటర్నెట్‌లోకి వచ్చారు. హైదరాబాద్‌లో పరిశోధక విద్యార్థిగా ఉంటూ రవిచంద్రన్ బత్రన్ మొదలుపెట్టిన 'దళిత్ కెమెరా' అలాంటిదే. లైసెన్సు అక్కర్లేదు, పెట్టుబడి అక్కర్లేదు. ఒక్క కెమెరా చాలు. ఇప్పుడు తెస్తామంటున్న నియంత్రణ ఈ ఒక్క దారికి ఏం చేస్తుందన్నదే మా ఆందోళన.

కలిసింది అధికారమే

2023 డిసెంబర్‌లో పాత చట్టాల స్థానంలో టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. ప్రతిపక్ష ఎంపీలు వంద మందికి పైగా సస్పెన్షన్‌లో ఉన్న సమావేశాల్లోనే అది ఆమోదం పొందింది. అందులో సందేశం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో అక్షరం, బొమ్మ, శబ్దం, వీడియో అన్నీ ఉన్నాయి. సేవలను ఆపేసే అధికారం ప్రభుత్వం దగ్గరే ఉంది.

అంతకు నెల ముందు, 2023 నవంబర్‌లో, సమాచార, ప్రసార శాఖ ప్రసార సేవల బిల్లు ముసాయిదా పెట్టింది. టీవీతోపాటు ఓటీటీ, ఆన్‌లైన్ వార్తలూ అందులోకి వచ్చాయి. ప్రతి సంస్థా కార్యక్రమాలను పరిశీలించే కమిటీ పెట్టుకోవాలంది. అందులో ఎస్సీ, ఎస్టీలకు ప్రాతినిధ్యం వహించగలిగేవాళ్లు ఉండేలా ప్రయత్నం చేయాలంది. గమనించండి, ప్రయత్నం మాత్రమే. ఎంపిక చేసేది ఆ కంపెనీయే. 2024లో మార్చిన ముసాయిదా యూట్యూబ్‌లో ఒంటరిగా వార్తలు చెప్పేవాళ్లనూ ఇందులోకి లాగుతుందన్న భయంతో గట్టి వ్యతిరేకత వచ్చింది. ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. ఒక పెద్ద చానెల్‌కు ఇలాంటి కమిటీ చిన్న ఖర్చు. పేటలో ఫోన్ పట్టుకుని వార్త చెప్పే పిల్లకు అది మూతపడటమే.

కొత్త చట్టం లేకపోయినా పని ఆగలేదు. ఐటీ చట్టం సెక్షన్ 69ఎ కింద ఒక చానెల్‌ను ఆపితే, ఆ ఆదేశాలు గోప్యంగా ఉండాలని 2009 నిబంధనలు చెబుతాయి. 2024 ఎన్నికల ముందు బహుజన వార్తలు చెప్పే 'నేషనల్ దస్తక్' యూట్యూబ్ చానెల్ తమకు ఇలాంటి నోటీసు వచ్చిందని బయటపెట్టింది. కారణం చూపని నోటీసును ఏ కోర్టులో, ఏమని ప్రశ్నించాలి?

తీగ కలిసినకొద్దీ స్విచ్ బలం పెరుగుతుంది. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే ప్రతిపాదన మీద అమలాపురంలో 24న హింస జరిగింది. దళితుడైన మంత్రి ఇంటికి నిప్పు పెట్టారు. ఆ వెంటనే జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. అది రోజుల తరబడి అలాగే ఉంది. పుకార్లు ఆపడానికే అన్నారు. కానీ అదే స్విచ్ పేటల్లో బిక్కుబిక్కుమంటున్న కుటుంబాల వీడియోలను, సాయం కోసం పంపే సందేశాలను కూడా ఆపింది. టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అన్నీ ఒక్క తీగలోకి వచ్చాక ఆ స్విచ్ నొక్కితే ఏం మిగులుతుంది?

మనం అడగాల్సింది

చట్టాలను కలపడానికి మేం వ్యతిరేకం కాదు. దక్షిణాఫ్రికా 2000లో టెలికాం, ప్రసార నియంత్రణ సంస్థలను కలిపి ఒకటే చేసింది. ప్రసారాలను నియంత్రించే సంస్థ స్వతంత్రంగా ఉండాలని, దేశ సమాజమంతా కనిపించేలా భిన్న అభిప్రాయాలకు చోటివ్వాలని వాళ్ల రాజ్యాంగమే చెబుతోంది. వర్ణవివక్షను చూసిన దేశం కాబట్టి ఆ వాక్యం రాసుకుంది. మనకూ అలాంటి వాక్యం కావాలి. నియంత్రణ సంస్థ మంత్రిత్వ శాఖకు లోబడకూడదు. అందులో ఎస్సీ, ఎస్టీ సభ్యులు చట్టం ప్రకారం ఉండాలి, ఎవరి దయతోనో కాదు. ఆపేసే ప్రతి ఆదేశానికీ కారణం రాసి ఇవ్వాలి. షట్‌డౌన్ ఆదేశాలను ప్రచురించాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, అది అమలు కావాలి. సామాజిక రేడియోకు వార్త చెప్పే హక్కు కావాలి. కులదూషణ ఏ దారిన వచ్చినా ఒకే గడప, ఒకే గడువు ఉండాలి.

అప్పటిదాకా ఆ తమ్ముడికి మేం చెప్పిన జవాబు ఇది. దారి ఏదైనా వర్తించే చట్టం ఒకటి ఇప్పటికే మన చేతిలో ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం సెక్షన్ 3(1)(యు) మన మీద ద్వేషం పెంచే మాటను, రాతను, దృశ్యాన్ని నేరమంటుంది. అది ఏ తీగలో వచ్చిందని అడగదు. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియో కూడా నలుగురి ముందు తిట్టినట్టేనని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అందుకే లింకు, తేదీ, సమయం రాసిపెట్టుకోవాలి. వీడియో మొత్తం దాచుకోవాలి. దాచిన ఫోన్‌ను మార్చకూడదు, ఎందుకంటే సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం ఇవ్వాల్సి వస్తుంది. కంపెనీకి రాసే ఫిర్యాదు వేరు, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదు వేరు. మొదటిదానికి జవాబు వచ్చేదాకా రెండోదాన్ని ఆపాల్సిన పనిలేదు.

అతను అంతా విని, ముందు చానెల్ వీడియోను తన ఫోన్‌లో దాచుకున్నాడు. తర్వాత తెల్లకాగితం తెచ్చుకున్నాడు.