వత్సభాగము: కౌటిలీయ గోధ్యక్షప్రకరణ విచారము

ధేనుశబ్దమునకు ఆవు అని యర్థము చెప్పి ముందునకు సాగుట మన పాఠశాలలలో పరిపాటి. అది చాలదు. ధేనుశబ్దము పానార్థకమగు ధేట్ ధాతువునుండి పుట్టినది. దూడ దేనిని కుడుచునో అది ధేనువు. పిదుకుటను తెలుపు దుహ్ ధాతువునుండి గోధుక్ మొదలగు కాపరిపేరులు వచ్చినవి గాని ధేనుశబ్దము రాలేదు. అమరసింహుడును క్రొత్తగా నీనిన యావునకే ధేనువని పేరు చెప్పెను. ఈ శబ్దార్థము ప్రాచీన గోరక్షణవిధిలో నెట్లు నిలిచినది, నేటి పాడిలో దాని గతి యేమి యనునది యిచ్చట విచారింపబడుచున్నది.

పాణిని జాతివాచకముతో సమసించు పదములను చెప్పుచు (2-1-65) గృష్టి, ధేను, వశా, వేహత్, బష్కయణీ శబ్దములను చేర్చెను. వల్లించు విద్యార్థికి ఇవి భారముగా తోచును. పశువులశాలలో నిలిచి చూచినచో ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క పశువు కనబడును. గృష్టి ఒక్కమారే యీనినది, మన తొలిచూలుటావు. వశ గొడ్డుటావు. వేహత్తు చూలు నిలువనిది. బష్కయణి దూడ యెదిగిన ముదురుపాడి యావు. ఏటేట నీనునది సమాంసమీన. ఈ విభాగమంతయు చూలును, ఈతను, దూడను బట్టి యేర్పడినదే కాని పాల కొలతను బట్టి కాదు. తెలుగున చేపు అను క్రియయు నిట్టిదే. దూడ నోరు తగిలినంతనే పొదుగున పాలు దిగుట చేపుట. పిదుకుట మనుష్యుని పని. చేపుట తల్లి పని.

ఇక శాస్త్రము. 1909లో మైసూరున ఆర్. శామశాస్త్రి ప్రకటించిన అర్థశాస్త్రమున రెండవ యధికరణము, ఇరువదితొమ్మిదవ యధ్యాయము గోధ్యక్షుని గూర్చినది. నూరేసి ధేనువులకు గోపాలకుడు, గేదెల కాపరియగు పిండారకుడు, పిదుకు దోహకుడు, చిలుకు మంథకుడు, క్రూరమృగములనుండి కాచు లుబ్ధకుడు నియుక్తులు కావలెను. వారికి జీతము రొక్కముగా నీయవలెను; పాలు, నేయి భృతిగా నీయరాదు. అట్లిచ్చినచో వారు దూడలకు పాలు దక్కనీయక చంపుదురని కౌటిల్యుడు హేతువు చెప్పెను. వర్ష, శరద్, హేమంత ఋతువులలో రెండు పూటల పిదుకవలెను. శిశిర, వసంత, గ్రీష్మములలో ఒక్క పూటయే. మేత కొరవడు ఆ కాలమున రెండవమారు పిదికినవానికి అంగుష్ఠచ్ఛేదము దండము. శిక్ష క్రూరమే. ఈ విధి కేవల దయామూలము కాదనుటయు నిజమే; రాజునకు మంద ఆస్తి, దూడ ఆ యాస్తికి రేపటి రూపము. అయినను లోభము ఏ ద్వారమున ప్రవేశించునో ఆయన యెరిగి ఆ ద్వారమునే మూసెను.

దేవాలయములందును ఈ న్యాయమే కనబడును. దాక్షారామాది క్షేత్రములలో అఖండదీపమునకై దాతలు పశువులను ఇచ్చి, వానిని బోయల రక్షణలో నుంచి, దినమునకు మానెడు నేయి తెచ్చునట్లు ఏర్పరచినట్లు శాసనములు తెలుపుచున్నవి. దీపము ఆచంద్రార్కము వెలుగవలెనన్నచో మంద తరుగరాదు. మంద తరుగకుండవలెనన్నచో దూడ బ్రదుకవలెను. అది చచ్చినచో దీపమును కొండెక్కును.

ఇప్పుడు మన పాతపట్నపు సంగతి. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైన పిదప పర్లాకిమిడి అందు చేరినది, పాతపట్నము మనవైపు నిలిచినది. మహేంద్రతనయా పరిసరమున వరిగడ్డి, తవుడు, కుడితి, ఉలవలు పశువులకు ఆధారము. ఏటిజీతమునకు కుదిరిన కంబారి పశువులను చూచుకొనిన కాలమున అతనికి పాల హెచ్చుతగ్గులతో పని లేదు. కౌటిల్యుని రొక్కపు జీతమునకు అది సమీపము. నేడు పాలు కేంద్రమునకు చేరి, కొలతను, వెన్నశాతమును బట్టి సొమ్ముగా మారుచున్నవి. పేదయింటికి అది గొప్ప ఆధారము, దానిని నిందింపరాదు. కాని క్షీరభృతుడు ఇప్పుడు సేవకుడు కాదు, యజమానుడే. దూడ కుడిచిన ప్రతి గిద్దెడును లెక్కలో తగ్గును. కౌటిల్యుడు సేవకునియందు శంకించిన లోభము యజమానుని యింటనే పుట్టుటకు తావైనది. పిదుకుటకు రాని కోడెదూడ విషయమున నిది మరియు నధికము.

దూడ చచ్చిన పిమ్మట తోలులో గడ్డి నింపి చూపుటయో, సూదిమందు పొడిచి చేపించుటయో జరుగుచున్నది. పాల కొరకు పశువునకు హాని చేయు సూదిమందును 1960 నాటి జంతుహింసానివారణ చట్టము పండ్రెండవ విభాగమున నిషేధించినది.

దూడను వేరుచేసి కొలిచి త్రాగించు నవీనపద్ధతి తప్పు కాదు. కొలత సరిగా నిచ్చినచో వత్సభాగము దక్కినట్లే. పశువైద్యులు చెప్పునది స్పష్టము. రోగనిరోధకశక్తి తల్లి గర్భమున దూడకు అందదు, జున్నుపాలతోనే యందును. ఒక దినము గడచిన పిదప దానిని గ్రహించు సామర్థ్యము దూడ ప్రేగులకు ఉండదు. కావున పుట్టిన గంట రెండు గంటలలో జున్నుపాలు పట్టవలెను. తొలి మాసములలో దేహభారమున పదియవవంతు పాలు దినమునకు కావలెను. ముప్పది కిలోల దూడకు మూడు కిలోలు. బొడ్డునకు అయోడిన్ పూయవలెను. గేదెదూడకు ఏలికపాములు తల్లిపాలతోనే సంక్రమించును గనుక పదియవ దినము మొదలుకొని పశువైద్యుని యడిగి మందు పట్టవలెను.

అధ్యాపకులకు ఒక విన్నపము. గృష్టి, బష్కయణి శబ్దములను బోధించునాడు విద్యార్థులను దగ్గరి పశువులశాలకు తీసికొనిపోయి కాపరి చెప్పు పేరులను పక్కన వ్రాయింపుడు. అతని మాటలలో సూత్రమునకు ఉదాహరణములు దొరకును. ధేనుశబ్దమునకు అర్థము మాత్రము దూడ కుడుచుచుండగా చూపింపుడు.