వార్తల్లో పదం: టెట్రామర్

టీకా వేశాక యాంటీబాడీలు ఏ మేరకు పుట్టాయో రక్తపరీక్షలో తేలిగ్గానే తెలుస్తుంది. టీకా ఏ వైరస్ కోసమో ఆ వైరస్‌నే గుర్తుపట్టే టి-కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) ఎన్నున్నాయో చెప్పడం మాత్రం కష్టం. లక్ష టి-కణాల్లో అలాంటివి ఒకటో రెండో ఉండొచ్చు, పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటిని పట్టే గాలమే టెట్రామర్.

టి-కణం వైరస్‌ను నేరుగా చూడదు. వైరస్ ప్రోటీన్ ముక్కను మన కణాలు ఎంహెచ్‌సీ అనే అణువులో పెట్టి చూపిస్తేనే గుర్తిస్తుంది. ఆ జంటను ల్యాబ్‌లో తయారుచేసి తగిలిద్దామంటే పట్టు మరీ బలహీనం, క్షణాల్లో ఊడిపోతుంది. 1996లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ ఆల్ట్‌మన్, మార్క్ డేవిస్ బృందం దీనికి విరుగుడు చూపింది. ఎంహెచ్‌సీలకు బయోటిన్ తగిలించి, స్ట్రెప్టావిడిన్ ప్రోటీన్ చుట్టూ నాలుగింటిని కట్టింది. ఒకటి ఊడినా మిగతావి వదలవు. దానికి మెరిసే రంగు అంటించి, ఫ్లో సైటోమీటర్‌లో లేజర్ ముందు కణాలను ఒక్కొక్కటిగా నడిపిస్తే మెరిసినవి లెక్కకొస్తాయి.

అయినా పట్టు తక్కువున్న కణాలు, ముఖ్యంగా క్యాన్సర్‌ను గుర్తించేవి, తప్పించుకునేవి. పైగా టెట్రామర్ తగలగానే టి-కణం ఆ ముక్కను గుర్తించే తన గ్రాహకాన్ని (రిసెప్టర్‌ను) లోపలికి లాగేసుకుంటుంది. దీనికి దొరికిన ఉపాయం భలే చిత్రమైనది. రక్తక్యాన్సర్ మందు డాసాటినిబ్‌లో కణాలను ముందుగా అరగంట ఉంచితే ఆ లాగుడు ఆగుతుంది, మెరుపు పెరుగుతుంది. చచ్చిన కణాలు దొంగలెక్క చూపిస్తాయి కాబట్టి వాటిని వేరే రంగుతో గుర్తించి పక్కన పెడతారు.

ఇంకో చిక్కుంది. ఎంహెచ్‌సీ రకం మనిషి మనిషికీ మారుతుంది. ఐరోపా మూలాలవారిలో ఎక్కువైన ఎ2 రకానికి చేసిన టెట్రామర్, మన దేశంలో బాగా కనిపించే ఎ11 మాత్రమే ఉన్నవారి రక్తానికి పనికిరాదు.