చెవి కూడా ఎదుగుతుంది

పిల్లలూ! మీలో చాలామందికి ర్యాప్ పాటలంటే ఇష్టమని నాకు తెలుసు. ఆ పాటలు వింటే మీ ఇంట్లో పెద్దలకు చిరాకని కూడా తెలుసు. "అదీ ఒక పాటేనా? ఒకటే దడదడ!" అంటారు. ఈ నెల ఆ దడదడ సంగతే చెప్పుకుందాం.

ఆత్మకూరులో మా వీధిలో ఒక కుర్రవాడున్నాడు. ఆరో తరగతిలో ఉండగా వాడు ఉదయగిరిలో మేనమామ ఇంటికి పోతూ, బస్సులో దారి పొడుగునా సెల్‌ఫోనులో ఒకే పాట వినేవాడు. "అందులో ఏం చెబుతున్నాడురా?" అని అడిగితే, "ఏమో సార్, దెబ్బ బాగుండాది!" అనేవాడు.

వాడన్నది నిజమే. హిప్-హాప్ పుట్టినదే ఆ దెబ్బలో. న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే పేద పేట ఉన్నది. అక్కడ సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయికి, బడి తెరిచేవేళకు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావలసి వచ్చింది. 1973 ఆగస్టు 11న తాము కాపురముండే మేడలోనే పాటలూ నాట్యాలూ ఏర్పాటు చేసి, లోపలికి రావడానికి టిక్కెట్టు పెట్టింది. రికార్డులు వేసినవాడు ఆమె అన్న. వాడికి 18 ఏళ్లు. కూల్ హెర్క్ అని పిలిచేవారు. గాయకుడు ఆగి డోళ్లు మాత్రమే మోగేచోట నాట్యం చేసేవారికి హుషారెక్కుతుందని అతడు కనిపెట్టాడు. కాని ఆ చోటు కొద్ది సెకండ్లలో అయిపోతుంది. అందుచేత రెండు యంత్రాలమీద ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి, ఒకదానిలో ఆ చోటు అయిపోగానే రెండవదానిలో మళ్లీ అదే వేసేవాడు. ఆ దరువుమీద మాటలు అల్లడం క్రమంగా పెరిగింది.

మీరూ ఒక ర్యాప్ పాట పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి చూడండి. మన తాళంలో మొదటి దెబ్బకు పెద్దపీట. అక్కడ చాలా పాటల్లో రెండవదీ నాలుగవదీ ఫెళ్లుమంటాయి.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మావాడికి దెబ్బ ఒక్కటే చాలలేదు. ఎవడు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు, ఎవడు ప్రాస బాగా కలుపుతాడు అని బేరీజు వేయసాగాడు. సుమతీ శతకం చదివిన పిల్లలకు ఇదేమీ కొత్త కాదు. కందపద్యంలో ప్రాస పాదానికి రెండవ అక్షరం మీద ఉంటుంది గదా! ర్యాప్‌లో ఎక్కువగా పాదం చివర వస్తుంది. ఆరితేరినవాడు పాదం నడుమ కూడా రెండు మూడుచోట్ల దూరుస్తాడు. ఈ మాట చెప్పాక వాడు శతకం తనంతట తానే తీసి, ప్రాసల కింద గీతలు గీశాడు.

అయితే ప్రాసలతోపాటు బూతులు కూడా వచ్చాయి. అర్థం తెలియక వాడు వాటిని ఇంట్లో బిగ్గరగా పాడాడు. తండ్రి ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. రెండు వారాలు తండ్రీ కొడుకుల మధ్య మాటలు లేవు. తండ్రిని నేను తప్పుపట్టను. చివరకు ఆయనే ఒక షరతు పెట్టాడు: పాటలో ప్రతి మాటకూ అర్థం రాసి, తనకు చదివి వినిపించాలి. మావాడు నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాడు. సగం పాట రాసి, పైకి చదవలేక, కాగితం తానే చించేశాడు.

తరవాత వాడు రాసినది గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందంవారి 'ది మెసేజ్' అనే 1982 నాటి పాటకు. అందులోనూ కరుకు మాటలు లేకపోలేదు. కాని పాడుబడిన ఇళ్లు, దొరకని పనులు, పేదవాడి విసుగు అందులో ఉన్నాయి. తండ్రి అంతా విని, "మన మెట్టలో వాన లేని ఏడు మాదిరే ఉండాదే!" అన్నాడు. ఫోను బయటికి వచ్చింది.

ఈ మాట పెద్దలకు: బుర్రకథలో వంత పాడేవాడు నడుమ నడుమ ఊరి సంగతులూ రాజకీయాలూ చెబుతుంటే మనం చెవులప్పగించి వినలేదా? 2018లో కెండ్రిక్ లమార్ అనే ర్యాప్ కవికి పులిట్జర్ సంగీత బహుమతి వచ్చింది. అంతకుముందు అది శాస్త్రీయ సంగీతానికీ జాజ్‌కూ తప్ప పోలేదు.

మావాడు ఇప్పుడు ఇంటర్మీడియట్. ముందు సగం ఇంగ్లీషు కలిపి రాసేవాడు. మన యాస నలుగురిలో నవ్వులపాలవుతుందని భయం. బ్రాంక్స్ వాళ్లు తమ పేట మాటలోనే చెప్పారని తెలిశాక "ఏంది", "యాడ" ధైర్యంగా రాస్తున్నాడు. ఉదయగిరిలో చెక్కతో చెంచాలూ గరిటెలూ చేసేవారి మీద పాట సగమైనది. "గరిటె"కు ప్రాస కుదరక నాలుగు రోజులుగా ఆగిపోయాడు. మీకేమైనా తోస్తే పత్రికకు రాయండి, వాడికి చేరుస్తాను.