మైదానం గట్టున మనకూ ఒక చాప

ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు దించి, టిఫిన్ క్యారియర్ కట్టుకుని, చాప చుట్టి చంకన పెట్టుకుని నేను బయల్దేరితే మా నంద్యాల వీధిలో వాళ్లు "యాడికి వదినా, మహానందికా?" అని అడిగేవాళ్లు. "కాదు, ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి" అంటే నవ్వేవాళ్లు. ఇప్పుడు అడగడం మానేశారు. ఇద్దరు ముగ్గురైతే చాప తెచ్చుకుని నా వెంటే వస్తున్నారు కూడా!

వంటలూ, కుట్లూ, అల్లికలూ చదువుకునే చోట ఈవిడ ఫుట్‌బాల్ అంటుందేమిటని విసుక్కోకండి. నేను ఇంటర్ వరకు చదివి, పెళ్లై, ఇల్లు చూసుకుంటున్న దాన్నే. మూడేళ్ల కిందటి వరకు నాకు ఆ ఆట గురించి తెలిసిందల్లా బంతిని కాలితో తంతారనే. అలాంటి నేను మైదానం పట్టడానికి కారణం మా అక్క కూతురు.

"నువ్వు పక్కనుంటేనే పంపుతా"

మా అక్కను ఆళ్లగడ్డలో ఇచ్చారు. బావది శిల్పాల పని. ఆళ్లగడ్డ మీదుగా ఎప్పుడైనా బస్సులో వెళ్లి ఉంటే చూసే ఉంటారు, రోడ్డు పక్కన రాతి విగ్రహాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా నలభై కిలోమీటర్ల దూరం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయినప్పటి నుంచి ఆ ఊరు కూడా మా జిల్లాలోనే ఉంది.

పాప ఎనిమిదో తరగతిలో బడి జట్టులో చేరింది. తొమ్మిదిలో పెద్దమనిషి అయింది. అంతే, అక్క ఆట మాన్పించింది. "ఇంక నిక్కరేసుకుని నలుగురి ముందర పరిగెత్తేదేంది? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరేమంటారో" అంది. బావ నోరెత్తలేదు. నోరెత్తకపోవడమంటే అక్క మాటే ఆయన మాట.

పాప నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "పిన్నమ్మా, నాతో కలిపితేనే మేం పదకొండు మందిమి" అంది.

మీతో దాపరికం ఎందుకు? నాకు నా చిన్నతనం గుర్తొచ్చింది. 1990లలో నేను ఖోఖో బాగా ఆడేదాన్ని. నన్నూ తొమ్మిదో తరగతిలోనే ఆపేశారు. అప్పుడు నా తరఫున ఒక్కరు మాట్లాడి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో! అందుకే బస్సెక్కి వెళ్లి అక్కతో వాదించాను. చివరికి అక్క ఒక షరతు పెట్టింది. "ఆట ఎక్కడ జరిగినా నువ్వు పక్కనుంటేనే పంపుతా" అంది. సరేనన్నాను. అలా నేను కాపలాగా వెళ్లి, ప్రేక్షకురాలినయ్యాను.

దాహం వేసినా తాగరు

బడిపిల్లల ఫుట్‌బాల్ మైదానం అనగానే టీవీలో కనిపించే పచ్చగడ్డి ఊహించుకోకండి. కాలేజీ ఆవరణో, హైస్కూలు వెనక ఖాళీ స్థలమో ఉంటుంది. పొద్దున్నే ముగ్గుపిండితో గీతలు గీస్తారు. వానొస్తే మన నల్లరేగడి మట్టి బూట్లకు కిలోల కొద్దీ పట్టుకుంటుంది. గట్టున ఇద్దరు ముగ్గురు తండ్రులు, పోకిరీ మాటలు విసిరే నలుగురు కుర్రాళ్లు, ఒక ఐస్‌బండి. ఆడవాళ్లు మాత్రం ఉండరు.

మొదటిరోజు నన్ను కదిలించింది ఆట కాదు. పిల్లలు ఎండలో చెమటలు కక్కుతున్నా నీళ్లు ముట్టడం లేదు. "తాగరేమే?" అంటే మా పాప నెమ్మదిగా చెప్పింది. "తాగితే యాడికి పోవాల పిన్నమ్మా?" అంది.

నిజమే, చుట్టుపక్కల మరుగుదొడ్డి లేదు. ఆ మైదానం పేరు చెప్పను. అలాంటివి చాలా ఉన్నాయి కాబట్టి ఒక్కదాన్ని అనడం న్యాయం కాదు. విరామంలో నేను దగ్గర్లో ఉన్న ఒక ఇంటి తలుపు కొట్టి విషయం చెప్పాను. ఆ ఇంటావిడ "దాందేముందమ్మా, రమ్మను" అని గేటు తీసింది. పిల్లలు వరసగా వెళ్లొచ్చి, బిందెడు నీళ్లు తాగారు. రెండో సగంలో వాళ్ల పరుగే మారిపోయింది. ఆ ఇంటావిడ కూడా వచ్చి నా చాప మీదే కూర్చుంది!

చూడండి, ఆ పని చేయడానికి ఆట తెలియనక్కర్లేదు. పక్కింటి తలుపు కొట్టగలిగిన ఒక ఆడమనిషి అక్కడుంటే చాలు.

వలలేని గోల్

రెండో నెలలో నంద్యాలలో రెండు బడుల మధ్య స్నేహపూర్వకంగా ఒక ఆట జరిగింది. గోల్‌కు వల లేదు, రెండు పక్కల కర్రలు, పైన అడ్డకర్ర, అంతే. ఎండ పడకుండా మేం ముగ్గురం గోల్ వెనక చెట్టు కింద కూర్చున్నాం. మా పాప బంతిని గట్టిగా తన్నింది. అది కర్ర పక్కనుంచి దూసుకొచ్చి మా క్యారియర్‌కు తగిలింది. మా వాళ్లు "గోల్!" అని ఎగిరారు. అవతలి జట్టు కాదంది. రిఫరీగా ఉన్న మాస్టారు దూరంగా ఉన్నారు, సరిగ్గా చూడలేదు. ఆయన నేరుగా మా దగ్గరికొచ్చి "అమ్మా, మీరు చూశారు కదా, బంతి కర్రకు లోపలినుంచి వచ్చిందా, బయటినుంచా?" అని అడిగారు.

బంతి బయటినుంచే వచ్చింది. నేను మా పాప మొహం చూశాను, తర్వాత అవతలి జట్టు గోల్‌కీపర్ మొహం చూశాను. ఆ పిల్లకు పన్నెండేళ్లుంటాయేమో, కళ్లనిండా నీళ్లు. "బయటినుంచే సార్" అన్నాను.

మా వాళ్లు ఒక గోల్ తేడాతో ఓడిపోయారు. పాపను ఆళ్లగడ్డలో దింపడానికి నేనూ బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా నాతో మాట్లాడితే ఒట్టు! ఇంటికెళ్లగానే "నాన్నా, పిన్నమ్మ మా గోల్ పోగొట్టింది" అని ఫిర్యాదు చేసింది. బావ ఉలి కింద పెట్టి అంతా విన్నాడు. పెద్దగా నవ్వాడు. "నిజం చెప్పిందిగా. ఇట్లాంటి మనిషి పక్కనుంటే నాకేం భయం? పో, ఆడుకో పో" అన్నాడు. అంతకు ముందు ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు.

మేం అల్లిన వల

వల ఉంటే ఆ గొడవే వచ్చేది కాదు కదా అనిపించింది. నా చిన్నప్పుడు ఇంటింటా వైరు బుట్టలు అల్లేవాళ్లం. ఆ చేతులు ఇంకా ఉన్నాయిగా! మాస్టారిని కొలతలు అడిగాను. పెద్దల గోల్ 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. చిన్నపిల్లలకు ఇంతకంటే చిన్నది పెడతారు. పెద్ద బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, అంటే అడ్డంగా దాదాపు జానెడు. కాబట్టి వల కన్ను అందులో సగం ఉంటే చాలు.

నైలాన్ తాడు కొని, మా వీధిలో నలుగురం కలిసి మధ్యాహ్నాలు కూర్చుని ముడులు వేశాం. వేళ్లు బొబ్బలెక్కాయి, రెండుసార్లు కొలత తప్పి విప్పి మళ్లీ అల్లాం. ఒక గోల్‌కు మూడు వారాలు పట్టింది. రెండోది ఇంకా సగంలోనే ఉంది. ఆ వల కట్టిన రోజు బంతి అందులో పడి ఆగితే పిల్లలు కేకలు పెట్టారు. ఆ గోల్ వేసింది అవతలి జట్టు! అయినా మేమూ చప్పట్లు కొట్టాం.

ఆట అర్థం చేసుకోవడం కష్టం కాదు

జట్టుకు పదకొండు మంది. ఏడుగురి కంటే తగ్గితే ఆట జరగదు. పెద్దలకు 45 నిమిషాల చొప్పున రెండు సగాలు, పిల్లలకు ఇంకా తక్కువ. చేత్తో ముట్టుకునే హక్కు గోల్‌కీపర్‌కే, అదీ తన గోల్ ముందు పెట్టెలోనే. పక్క గీత దాటితే రెండు చేతులతో తల మీదుగా లోపలికి విసురుతారు. పసుపు కార్డు హెచ్చరిక, ఎర్ర కార్డు చూపిస్తే బయటికే. ఈ కార్డులు 1970 మెక్సికో ప్రపంచ కప్ నుంచి వచ్చాయి.

అందరినీ తికమక పెట్టేది ఆఫ్‌సైడ్. పెళ్లిలో వడ్డన మొదలవకముందే వెళ్లి ఆకు ముందు కూర్చుంటే ఎలా ఉంటుంది? అలాంటిదే. అవతలి వాళ్ల సగంలో, తనవాళ్లు బంతి అందించే క్షణానికే బంతి కంటే, అవతలి జట్టులో చివరి నుంచి రెండో మనిషి కంటే కూడా గోల్‌కు దగ్గరగా వెళ్లి కాచుకుని, ఆ బంతి అందుకుంటే తప్పు. ఆ చివరి ఇద్దరిలో ఒకరు మామూలుగా గోల్‌కీపరే. నాలుగు ఆటలు చూస్తే మీరే "ఆఫ్‌సైడ్!" అని అరుస్తారు.

మన ఆడపిల్లలకు కొత్తేం కాదు

"ఇది మగపిల్లల ఆట" అనేవాళ్లకు నేనొక సంగతి చెబుతుంటాను. ఇంగ్లండ్‌లో 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లో ఆడవాళ్ల ఆట చూడ్డానికి 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాదే అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్లకు తగదంటూ తన మైదానాలు వాళ్లకు ఇవ్వకుండా ఆపేసింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది. ఆడవాళ్ల తొలి ప్రపంచ కప్ 1991లో చైనాలో జరిగింది. మా అక్క అన్న మాట ఇంగ్లండు పెద్దమనుషులు ఎప్పుడో అన్నారన్నమాట!

మన దగ్గరికొస్తే, హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలోనే మన దేశం 1951, 1962 ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకాలు గెలిచింది. ఆయన కథతో 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. మా పొరుగున అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ గారు స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ పల్లెల ఆడపిల్లలను ఫుట్‌బాల్ మైదానానికి తీసుకొచ్చింది. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబంలో పుట్టిన సౌమ్య గుగులోత్ భారత జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియాలో ఒక క్లబ్బుకు వెళ్లింది. 2025లో దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు అందుకుంది. ఈ మాట చెప్పినప్పుడు మా అక్క "మన తెలుగుపిల్లేనా?" అని రెండుసార్లు అడిగింది.

మీరూ వెళ్లాలనుకుంటే

* మీ ఊరి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి అడగండి. మండల, జిల్లా స్థాయి బడిపిల్లల పోటీలు ఎప్పుడో, ఎక్కడో చెబుతారు. టిక్కెట్టు ఉండదు.

* మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఆధార్ కార్డు మరిచిపోకండి.

* చాప, గొడుగు, రెండు పాత తువ్వాళ్లు, పిన్నీసులు, శానిటరీ ప్యాడ్లు సంచిలో ఉంచండి. చివరివి అడగడానికి పిల్లలు మాస్టారి దగ్గర సిగ్గుపడతారు.

* ఆటకు రెండు గంటల ముందు ఇడ్లీ గానీ ఉగ్గాని గానీ పెట్టండి. ఉగ్గానికి జోడీ అయిన బజ్జీ మాత్రం ఆట అయ్యాకే!

* లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. నిమ్మకాయ పిండితే పిల్లలు ఇష్టంగా తాగుతారు. చిన్న చెంచాతోనే కొలవండి, ఉప్పు ఎక్కువ కాకూడదు.

* ఆట అయ్యాక వేరుశెనగ ఉండలు ఇవ్వండి. మా వైపు బుడ్డల ఉండలంటాం. రెండు గ్లాసుల బుడ్డలు దోరగా వేయించి పొట్టు తీయండి. గ్లాసు బెల్లం కొద్ది నీళ్లతో పాకం పట్టండి. నీళ్లలో చుక్క వేస్తే గట్టి ఉండ కట్టాలి. దించి, బుడ్డలు కలిపి, చేతికి నెయ్యి రాసుకుని వేడి మీదే ఉండలు చుట్టండి.

* ఓడినా తిట్టకండి. మాస్టారికి సలహాలు ఇవ్వకండి. అవతలి జట్టు పిల్లలకూ నీళ్లు ఇవ్వండి.

పోకిరీ కుర్రాళ్ల సంగతేమిటంటారా? మా చాపలు నాలుగయ్యేసరికి వాళ్ల నోళ్లు వాటంతటవే తగ్గాయి. తల్లి వయసు ఆడవాళ్లు నలుగురు చూస్తుంటే ఎవరికైనా జంకు ఉంటుంది.

అంతా చక్కబడిందని చెప్పను. పాప పదో తరగతి పరీక్షలు రాసింది. ఇంటర్‌లో చేరబోయే కాలేజీలో ఆడపిల్లల జట్టు లేదు. అక్క "ఇంక చాల్లే" అంటోంది. బావ మళ్లీ నోరెత్తడం లేదు. నేను మాత్రం జట్టు కట్టేందుకు పదకొండు మంది పిల్లల పేర్లు రాస్తున్నాను. ఇప్పటికి ఎనిమిదయ్యాయి. ఆ ఎనిమిది ఇళ్లకూ వెళ్లి తల్లులతో మాట్లాడాను. అందరూ దాదాపు ఒకే మాటన్నారు. "మీరు పక్కనుంటారా అక్కా?" అన్నారు.

ఉంటానన్నాను. కానీ నేను ఒక్కదాన్నే అన్ని ఊళ్ల మైదానాల్లోనూ ఉండలేను కదా! మీ ఊళ్లో కూడా ఒక పిల్ల ఎవరైనా పక్కనుంటే బాగుండని చూస్తూ ఉంటుంది. ఈ ఆదివారం వంట కాస్త తొందరగా ముగించండి. చాప తీసుకుని వెళ్లి చూడండి.